కరెంటుకు భాష లేదు, కరెంటాఫీసుకు ఉంది

ఒక కార్తీకమాసపు రాత్రి తొమ్మిది దాటాక మా పిన్నిగారి దగ్గరినుంచి ఫోను వచ్చింది. అప్పటికి మూడు రోజులుగా విడవకుండా ముసురు. వారి ఇంటి ముందరి గోడ తడిసి ముద్దయింది. ఆ గోడకే మీటరు, దాని కింద ఇనుప పెట్టెలో మెయిన్ స్విచ్చి. "నాయనా, మెయిను ఆపుదామని చెయ్యి పెడితే జిల్లుమందిరా. గోడ తాకినా చీమలు పాకినట్టుంది. ఏం చెయ్యమంటావు?" అన్నది. ఆమెకు డెబ్బయి ఏళ్లు నిండాయి. బాబాయి లేరు. పిల్లలు బతుకుతెరువుకు నగరాలకు పోయారు. ఆమె చదివింది తెలుగు బడిలో ఐదో తరగతి వరకు. మా తాతముత్తాతల నాటినుంచీ ఆ ఊరు తెలుగు ఊరే. రాష్ట్రం మాత్రం వేరు.

ఆ పెట్టెను గాని, గోడను గాని మళ్లీ తాకవద్దని, పక్కింటికి వెళ్లి కూర్చోమని, స్తంభం మీద ఫ్యూజు తీయించమని 1912 నంబరుకు ఫోను చేయమని చెప్పాను. ఆమె చేసింది. ముందు యంత్రం రెండు భాషల్లో మాట్లాడింది. ఆ రెండింటిలో తెలుగు లేదు. ఎలాగో ఒక మనిషి గొంతు పలికింది. "స్తంభం మీద ఫ్యూజు తియ్యండి నాయనా, గోడకు కరెంటు వస్తోంది" అని ఆమె తనకు వచ్చిన భాషలో చెప్పుకున్నది. అవతలి వ్యక్తికి అందులో అర్థమైనవి రెండే మాటలు: ఫ్యూజు, కరెంటు. "ఫ్యూజు పోయింది, కరెంటు లేదు" అని ఫిర్యాదు నమోదైంది. ఆ సంగతి తెలియజేస్తూ ఫోనుకు వచ్చిన సందేశాన్ని ఆమె చదవలేకపోయింది.

తెల్లవారుజామున లైన్‌మన్ వచ్చాడు. ఇల్లు తాళం వేసి ఉంది, వసారాలో దీపం వెలుగుతోంది. కరెంటు ఉన్నట్టే గదా! "సరఫరా బాగున్నది" అని రాసి వెళ్లిపోయాడు. నేను మధ్యాహ్నం ఆ ఊరు చేరి, అతనిని వెతికి పట్టుకుని సంగతి చెప్తే పది నిమిషాల్లో వచ్చి ఫ్యూజు పీకాడు. చూస్తే, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు గోడలోకి దిగే చోట తొడుగు చీలి, ఇనుప గొట్టానికి తగులుతోంది. ఎర్త్ తీగ తుప్పుపట్టి తెగిపోయి ఎన్నాళ్లయిందో! "అమ్మా, ఈ మాట రాత్రే నాకు చెప్పి ఉంటే పరుగెత్తుకు వచ్చేవాణ్ణి గదమ్మా" అన్నాడు ఆ లైన్‌మన్. ఏ భాషలో అన్నాడనుకున్నారు? స్వచ్ఛమైన మా ఊరి తెలుగులో.

పదిహేను గంటలపాటు ఆ గోడకు కరెంటు పారింది. ప్రాణం పోలేదు, అది మా అదృష్టం. ఆ సంస్థ పేరు నేను రాయను. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రల సరిహద్దు జిల్లాల్లో ఎక్కడైనా జరగగలిగినదే గనుక, పేరు రాస్తే మిగిలినవారు తమది కాదనుకుని ఊపిరి పీల్చుకుంటారు. ఆ లైన్‌మన్ మీద నాకు కోపం లేదు. ఫోను ఎత్తిన మనిషి మీదా లేదు. ఒకప్పుడు కరెంటు పోతే మనం సెక్షన్ ఆఫీసుకు నడిచి వెళ్లేవాళ్లం, లేదా లైన్‌మన్ ఇంటి తలుపు తట్టేవాళ్లం. అతను మన భాష ఎరిగినవాడు. ఇప్పుడు ఫిర్యాదు ఎక్కడో రాజధానిలో కూర్చున్న మనిషి చెవిన పడి, అక్కడినుంచి మన వీధి లైన్‌మన్‌కు తిరిగి రావాలి. తెలుగువారి ఫిర్యాదు తెలుగు లైన్‌మన్‌కు చేరడానికి మధ్యలో తెలుగు రాని వంతెన కట్టారు. నా కోపం ఆ వంతెన మీద.

మనం ఆపగలిగినది, ఆపలేనిది

ఈ వాదన అర్థం కావాలంటే, ఇంటి కరెంటు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఆగదో ప్రతి కుటుంబానికీ తెలియాలి. స్తంభం నుంచి సర్వీసు వైరు వస్తుంది. అది సంస్థవారి కటౌట్ ఫ్యూజుకు, అక్కడినుంచి మీటరుకు పోతుంది. ఈ రెండింటికీ సీళ్లు ఉంటాయి. మీటరు దాటిన తరువాత మన మెయిన్ స్విచ్చి. అక్కడినుంచి లోపలిదంతా మనది, అక్కడివరకు ఉన్నది వారిది.

మెయిన్ స్విచ్చి ఆపితే ఫేజు, న్యూట్రల్ రెండు తీగలూ తెగాలి. అందుకే రెండు ధ్రువాల స్విచ్చి పెట్టాలంటారు. గోడ మీది మామూలు స్విచ్చి ఒక్క తీగనే తెంచుతుంది. వైరింగు చేసినవాడు తీగలు తారుమారు చేసి ఉంటే, ఫ్యాను ఆగినా ఫ్యానులో కరెంటు ఉంటుంది. కాబట్టి ఫ్యాను దించినా, హోల్డరు మార్చినా మెయినే ఆపాలి. ముందు పెద్ద పరికరాలు ఒక్కొక్కటిగా ఆపి, ఆ తరువాత మెయిన్ దించి, "పని జరుగుతోంది, వేయవద్దు" అని ఒక కాగితం అక్కడ తగిలించాలి. ఆ కాగితం ఇంట్లో అందరూ చదవగల భాషలో ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. టెస్టరును ముందు కరెంటు ఉన్నదని తెలిసిన చోట పెట్టి చూసి, అది వెలుగుతున్నదని నిర్ధారించుకున్నాకే పనిచేసే చోట పెట్టాలి. చచ్చిన టెస్టరు వెలగకపోతే కరెంటు లేదని అనుకోవడం ప్రాణాంతకం.

ఇంకొక సంగతి. మెయిన్ దించినా ఇన్వర్టరు ఆగదు. సరఫరా పోయిందనుకుని అది తన బ్యాటరీ నుంచి ఇంటి తీగల్లోకి కరెంటు పంపుతూనే ఉంటుంది. దానిని వేరుగా ఆపాలి. జనరేటరు ఉంటే చేంజ్ ఓవర్ స్విచ్చి తప్పనిసరి. లేకపోతే మన ఇంటి కరెంటు వెనక్కు స్తంభం ఎక్కి, అక్కడ పనిచేస్తున్న లైన్‌మన్‌ను చంపుతుంది. మిద్దె మీద సౌర ఫలకాలు ఉన్నవారి ఇంట ఎండ ఉన్నంతసేపూ ఆ ఫలకాల తీగల్లో కరెంటు ఉంటుంది.

ఇక 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే తెగిపోయే ఆర్‌సీసీబీ ప్రతి ఇంటికీ పెట్టించండి. అప్పుడప్పుడు దాని మీది టెస్ట్ మీట నొక్కి చూడండి. కాని అది మెయిన్ దాటిన తరువాత జరిగే లీకునే పట్టుకుంటుంది. మెయిన్‌కు ముందున్న సర్వీసు వైరులో లోపం వస్తే ఆర్‌సీసీబీ ఏమీ చేయలేదు, మెయిన్ స్విచ్చీ ఏమీ చేయలేదు. మా పిన్నిగారి ఇంట జరిగింది అదే. అలాంటప్పుడు చేయదగినది ఒక్కటే: దూరంగా జరగడం, సంస్థవారిచేత స్తంభం దగ్గర ఫ్యూజు తీయించడం. తెగిన తీగ నేలమీద పడి ఉన్నా అంతే. కర్రతో జరపడం వంటి సాహసాలు వద్దు.

ముట్టుకోవద్దన్నవారు వినాలి

ఇక్కడ చట్టం ఏమంటున్నదో చూడండి. సీలు తెంచి మీటరులోనో కటౌట్‌లోనో చెయ్యి పెడితే అది 2003 విద్యుత్ చట్టం 135, 138 సెక్షన్ల కింద కేసుకు దారి తీయవచ్చు. ఆ సీలుకు నేను వ్యతిరేకిని కాను. వినియోగదారుడు అక్కడ చెయ్యి పెట్టకూడదన్నది సరైన నియమమే. కాని ఒకరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు వారు స్వయంగా ఆపుకునే వీలు లేకుండా తాళం వేసి, ఆ తాళపుచెవి నీ దగ్గర పెట్టుకున్నప్పుడు, వారు పిలిస్తే పలకవలసిన బాధ్యత నీది కాదా? పిలుపు వినబడటం అంటే శబ్దం చెవిన పడటం కాదు, మాట అర్థం కావడం. వినియోగదారుడి ఆవరణలో ఉన్న తన తీగలు, పరికరాలు సురక్షితంగా ఉండేలా చూడటం సరఫరాదారు బాధ్యత అని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే చెప్పాయి. తెగిపడిన తీగ వల్ల మనిషి చనిపోతే, తన తప్పు లేదనే సాకుతో సంస్థ తప్పించుకోజాలదని 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ మండలి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంతటి బాధ్యత కలవారికి, ప్రజల భాష అర్థం చేసుకునే బాధ్యత లేదనడం ఏ న్యాయం?

అంతకన్న విడ్డూరం మరొకటి ఉంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కపాలం, ఎముకల బొమ్మతో కనిపించే ప్రమాద హెచ్చరిక బోర్డు అందరూ చూసే ఉంటారు. ఆ హెచ్చరిక ఏ భాషలో ఉండాలని 1956 నిబంధనలు చెప్పాయి? హిందీ లేక ఇంగ్లీషులోను, దానితోపాటు "జిల్లా స్థానిక భాష"లోను. గమనించండి, రాష్ట్ర భాష అనలేదు, జిల్లా స్థానిక భాష అన్నారు. 2010లో కొత్త నియమావళి తెచ్చినప్పుడూ ఆ మాటను మార్చలేదు. విద్యుదాఘాతానికి గురైన మనిషికి ఊపిరి పోసే ప్రథమ చికిత్స సూచనల విషయంలోనూ అదే మాట. ఆ వాక్యం రాసినవారికి తెలుసు, ప్రాణం కాపాడే మాట మనిషికి వచ్చిన భాషలో ఉండాలని. వారు ఎరిగిన సత్యాన్ని మన జిల్లాల అధికారులు ఎందుకు మరిచారు? సరిహద్దు తాలూకాల్లో తెలుగువారు నివసించే ఊళ్లకు వెళ్లి చూడండి. హెచ్చరిక బోర్డుల మీద తెలుగు అక్షరం ఎన్నిచోట్ల కనిపిస్తుందో మీరే లెక్కపెట్టి మాకు రాయండి.

చదవలేని నోటీసు నోటీసేనా?

బిల్లు కట్టలేదని సరఫరా తెంచాలంటే, 56వ సెక్షన్ ప్రకారం కనీసం పదిహేను పూర్తి దినాల వ్యవధితో రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. మొత్తం మీద వివాదం ఉంటే, వారు అడిగిన సొమ్మును గాని, గడచిన ఆరు నెలల సగటు ప్రకారం లెక్కగట్టిన సొమ్మును గాని, ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ కట్టవచ్చు. అలా కడితే వివాదం తేలేవరకు ఫ్యూజు పీకరాదు. రెండేళ్లు దాటిన పాత బాకీని బిల్లుల్లో వరుసగా చూపుతూ రాకపోతే, దానికోసం సరఫరా తెంచే అధికారం లేదు. పొరపాటున వదిలేసిన సొమ్మును తరువాత అడగవచ్చునేమో గాని, దానికోసం కరెంటు కోయరాదని 2020లో అజ్మీర్ విద్యుత్ పంపిణీ సంస్థ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇన్ని రక్షణలూ నోటీసు చదవగలిగినవారికే. పదిహేను దినాల గడువు పెట్టినది ఎందుకు? మనిషి చదివి, ఆలోచించి, కట్టడమో కాదనడమో తేల్చుకునేందుకు. తలుపు సందులోనుంచి వచ్చిన కాగితం ఏమిటో తెలియక దేవుడి పటం వెనక దోపుకున్న ముసలమ్మకు ఆ పదిహేను దినాలు ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? నా వృత్తి జీవితంలో అలాంటి కాగితాలు పట్టుకుని, ఫ్యూజు పీకాక వచ్చినవారే ఎక్కువ. పీకకముందు వచ్చినవారు తక్కువ.

పిన్నిగారి ఇంటి సంగతి మీద నేను ఫిర్యాదు తెలుగులోనే రాసి ఇచ్చాను. గుమాస్తా దానిని నా వైపు తోసి, "మా భాషలో రాసుకురండి" అన్నాడు. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం, కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విజ్ఞప్తి చేసుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నదని చెప్పాను. అధికారి కొంతసేపు తటపటాయించి, ముద్ర వేసి రసీదు ఇచ్చారు. కొన్ని వారాల తరువాత జవాబు వచ్చింది, రాష్ట్ర భాషలో. నేను చదివి పిన్నిగారికి తెలుగులో చెప్పాను. సగం గెలిచామని నాలో నేను అనుకున్నాను. ఆమె మాత్రం, "అయితే నువ్వు లేనినాడు ఎవరు చదువుతారురా?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

"నేర్చుకోవచ్చు గదా" అనేవారికి

"ఇన్ని తరాలుగా ఈ నేల మీద ఉంటున్నారు, ఈ రాష్ట్ర భాష నేర్చుకోవచ్చు గదా" అని పెద్దమనుషులు అడుగుతారు. నేర్చుకున్నాం. మా పిల్లలు కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ చదువుతున్నారు, రాస్తున్నారు, ఆ భాషల్లో బహుమతులు తెస్తున్నారు. ఆ భాషల మీద మాకు ద్వేషం లేదు, ఉండబోదు. కాని మేము ఎక్కడినుంచో వలస వచ్చినవాళ్లం కాము. 1936లో గంజాం ఒడిశాకు పోయింది. 1953లో బళ్లారి మైసూరుకు పోయింది. 1960లో తిరుత్తణి మద్రాసుకు పోయింది. మనుషులు ఉన్నచోటనే ఉన్నారు, గీత కదిలింది. ఆ గీతకు ఇవతల పుట్టి, తెలుగు బడిలో చదివి, డెబ్బయ్యో ఏట తడి గోడ పక్కన నిలబడిన స్త్రీని "భాష నేర్చుకుని ఫోను చెయ్యి" అనడం ఏ నాగరికత?

"ఇన్ని భాషల్లో ఎలా సాధ్యం, ఖర్చు ఎవరు భరిస్తారు" అన్నది రెండో ప్రశ్న. యానాం చూడండి. పుదుచ్చేరి ప్రభుత్వం రాజధాని తమిళ నేల మీద ఉంది. అయినా 1965 నాటి ఆ ప్రాంత అధికార భాషా చట్టం యానాంలో తెలుగుకూ, మాహేలో మలయాళానికీ చోటిచ్చింది. ఒక చిన్న కేంద్రపాలిత ప్రాంతం అరవై ఏళ్ల కిందట ఒప్పుకున్న సూత్రం పెద్ద రాష్ట్రాలకు బరువా? జిల్లాలో గాని తాలూకాలో గాని ఒక మైనారిటీ భాషవారు 15 శాతం ఉంటే ముఖ్యమైన నోటీసులు, నిబంధనలు వారి భాషలోనూ ప్రచురించాలన్నది ఇవ్వాళ మనం పుట్టించిన కోరిక కాదు. భాషాప్రయుక్త రాష్ట్రాల ఏర్పాటు నాడు, 1956 నుంచి కేంద్రమూ ముఖ్యమంత్రులూ ఒప్పుకున్న భాషా రక్షణల్లో అది ఒకటి. ఆ రక్షణల అమలును చూడటానికే రాజ్యాంగంలో 350-బి అధికరణ చేర్చి భాషా మైనారిటీల కమిషనరును నియమించారు. బిల్లు ముద్రించేది యంత్రమే, సందేశం పంపేదీ యంత్రమే. యంత్రానికి తెలుగు నేర్పడం మా పిన్నిగారికి ఇంకో భాష నేర్పడం కంటె తేలిక.

మూడో మాట మనకు మనం చెప్పుకోవలసినది. చిత్తూరు వైపు తమిళ కుటుంబానికి, మడకశిరలో కన్నడ కుటుంబానికి, ఇచ్ఛాపురంలో ఒడియా కుటుంబానికి ఇదే హక్కు ఉంది. అక్కడి కరెంటాఫీసు వారి భాషలో పలకకపోతే అది కూడా అన్యాయమే. ఆ మాట అనలేనివాడికి ఇక్కడ తెలుగు అడిగే అర్హత లేదని నా నమ్మకం.

మనం చేయవలసిన పనులు

విలపించి ఊరుకుంటే ఫ్యూజు ఎవరూ తీయరు. నేను కోరేది ఇది. ప్రతి ఇంటి మెయిన్ స్విచ్చి పక్కన ఒక అట్ట తగిలించండి. దాని మీద సర్వీసు నంబరు, 1912, సెక్షన్ ఆఫీసు నంబరు తెలుగులో రాయండి. దాని కింద "గోడకు కరెంటు వస్తోంది, స్తంభం దగ్గర సరఫరా ఆపండి" అన్న వాక్యాన్ని మీ రాష్ట్ర భాషలో, కాని తెలుగు లిపిలో రాయించి పెట్టండి. ఇది లొంగిపోవడం కాదు. హక్కు వచ్చేవరకు ప్రాణం నిలుపుకోవాలి గదా. ఇంట్లో పిల్లలు ఉంటే ఆ వాక్యం వారిచేత కంఠస్థం చేయించండి.

ఫిర్యాదు ఎప్పుడూ రాతపూర్వకంగా తెలుగులో ఇవ్వండి, రసీదు తీసుకోండి, ఫిర్యాదు సంఖ్య అడగండి. తీసుకోనంటే 350వ అధికరణ పేరు చెప్పండి. పని జరగకపోతే 42వ సెక్షన్ కింద ప్రతి పంపిణీ సంస్థా ఏర్పాటు చేయవలసిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వీటిలో మీ గోడు మీరే చెప్పుకోవచ్చు.

అన్నిటికన్న ముఖ్యం, నియంత్రణ మండలి ముందుకు వెళ్లడం. ఛార్జీలు నిర్ణయించేముందు ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాలని 64వ సెక్షన్ చెబుతోంది. సరఫరా నియమావళిని రాసేదీ మార్చేదీ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలే; ముసాయిదా ముందుగా ప్రకటించనిదే ఏ నియమమూ చేయరాదు. ఆ బహిరంగ విచారణల్లో మనవారు యూనిట్ ధర గురించే మాట్లాడి వస్తున్నారు. ఈసారి భాష గురించి మాట్లాడదాం. 15 శాతం తెలుగువారున్న ప్రతి తాలూకాలో బిల్లు, నోటీసు, ప్రమాద హెచ్చరిక, ఫిర్యాదు ఫోను తెలుగులోనూ ఉండాలని సరఫరా నియమావళిలో ఒక వాక్యం చేర్చమని వెయ్యి కుటుంబాలు వెయ్యి కాగితాలు పెడితే, ఆ మండలి జవాబు చెప్పక తప్పదు.

సోదర సోదరీమణులారా, పిన్నిగారి గోడ ఇప్పుడు ఆరింది. వైరు మార్చారు, కొత్త ఎర్త్ గుంత తవ్వించాం. ఆమె మెయిన్ పక్కన నేను రాసిన అట్ట వేలాడుతోంది. వచ్చే వానాకాలంలోగా మీ ఇంటికొక అట్ట, మీ సెక్షన్ ఆఫీసులో ఒక తెలుగు ఫిర్యాదు, నియంత్రణ మండలి ముందు ఒక తెలుగు అభ్యంతరపత్రం ఉండాలి. రసీదుల నకళ్లు ఈ పత్రిక చిరునామాకు పంపండి. వాటిని కట్టగట్టి కమిషనరు ముందు పెట్టే పూచీ నాది.